నవ్వు చివరి మాటలో ఉంటుంది

కిందటి సంవత్సరం శ్రావణమాసంలో ఒక ఆదివారం ఉదయం మా బావగారు ఫోను చేశారు. ఆయన బ్యాంకులో ముప్పయ్యేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. రూపాయినే కాదు, మాటను కూడా అనవసరంగా ఖర్చు చేయరు. ఆ రోజు కుశలప్రశ్నలైనా లేకుండా, "నీ మేనల్లుడు ఉద్యోగం మానేస్తాడట. జోకులు చెప్పుకుని బతుకుతాడట. నువ్వు ఇంగ్లీషు సాహిత్యం చదివినవాడివి. నీ మాటంటే వాడికి గురి. ఒకసారి వచ్చి నాలుగు ముక్కలు చెప్పి వెళ్లు" అన్నారు.

ఇంగ్లీషు సాహిత్యానికీ, ఉద్యోగం మానకుండా ఆపడానికీ ఏమి సంబంధమో నాకు బోధపడలేదు. అయినా బావగారి గొంతులో ఎన్నడూ వినని జంకు ఒకటి వినిపించింది. సరేనన్నాను.

మావాడు చేయదలచుకున్న పని పేరు స్టాండప్ కామెడీ. అనువాదం నా వృత్తి కనుక ఈ మాటకు తెలుగు ఏమిటా అని మొదట ఆలోచించాను. హాస్యప్రసంగం అంటే అధ్యక్షుడూ, పూలదండా గుర్తుకు వస్తాయి. ఏకపాత్రాభినయం అంటే వేషం ఉండాలి. మిమిక్రీ అంటే పరాయి గొంతు కావాలి. ఇక్కడ అధ్యక్షుడు లేడు, వేషం లేదు, పరాయి గొంతు లేదు. ఒక మనిషి, ఒక మైకు, ఎదుట కొందరు అపరిచితులు, అంతే. ఆ మనిషి తన బతుకును గురించి తన మాటలతో చెప్పి వారిని నవ్వించాలి. చివరకు అనువాదం మానుకుని, ఆ ఇంగ్లీషు మాటనే ఉంచేశాను.

మన వారికి ఇది బొత్తిగా కొత్త విద్య కాదని పాఠకులు గుర్తించే ఉంటారు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలిచే వంతలలో ఒకడు రాజకీయం చెబుతాడు, మరొకడు హాస్యం చెబుతాడు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తూ ఉండగానే కేతిగాడూ బంగారక్కా ప్రవేశించి ఊరి సంగతులు తోడి పోస్తారు. అయితే వంతకు వెనుక కథ ఉన్నది. కేతిగాడికి ముందు తెర ఉన్నది. హాస్యం పండకపోతే కథ నడిచిపోతుంది. స్టాండప్ చేసేవాడికి ఆ ఆసరా లేదు. హాస్యం పండకపోతే అతడు ఉత్తినే నిలబడి ఉన్న మనిషి.

ఆ స్థితి ఎలా ఉంటుందో ఆ వారంలోనే కళ్లారా చూశాను.

*

మాదాపూర్‌లో ఒక కాఫీ హోటలు మేడమీద ముప్పయి కుర్చీలు వేశారు. దీనిని ఓపెన్ మైక్ అంటారు. ఎవరైనా ముందుగా పేరు ఇచ్చి ఎక్కవచ్చు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. గడువు దగ్గర పడగానే గది వెనుక నుంచి ఒక దీపం ఊపుతారు. పైకం ఏమీ ఇవ్వరు. ఆ రాత్రి పన్నెండుమంది ఎక్కారు. మావాడిది ఏడవ వంతు.

వాడు చెప్పిన వాటిలో ఒకటి వాళ్ల నాన్నను గురించినది: "మా నాన్న మా ఇంట్లో పెన్నును కూడా ఒక దారంతో బల్లకు కట్టి ఉంచేవాడు, ఎందుకంటే ఆయన ముప్పయ్యేళ్లు బ్యాంకులో పనిచేసి, ఎవరినీ నమ్మకూడదని నేర్చుకున్నాడు."

ఎవరూ నవ్వలేదు. ఒకరు కుర్చీ సర్దుకున్నారు. కింద వీధిలో ఆటో హారను మోగింది. మావాడు నీళ్ల సీసా అందుకుని ఒక గుక్క తాగాడు. ఆ గుక్క గొంతు దిగిన చప్పుడు మైకులో అందరికీ వినిపించింది. ఐదు నిమిషాలు ఎంత దీర్ఘమైనవో ఆ రాత్రి తెలిసింది. మేనమామను కనుక, వాడికన్నా ముందు నాకే చెమట పట్టింది.

వాడు దిగివచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. తొంగి చూశాను. తాను చెప్పిన పది ముక్కలకూ అంకెలు వేసి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో, ఎక్కడ నవ్వబోయి ఆగిపోయారో గుర్తులు పెట్టుకుంటున్నాడు. పెన్ను ముక్కకు ఎదురుగా సున్నా ఉన్నది.

"ఇది ఎన్నోసారిరా?" అని అడిగాను.

"పెన్నుదా? పదకొండోసారి మామయ్యా. రెండుసార్లు కొంచెం నవ్వారు. ఏదో ఉంది అందులో. ఎక్కడుందో తెలియడం లేదు."

నాలుగు ముక్కలు చెప్పి వాడిని మళ్లించాలని వెళ్లిన నేను, ఆ సున్నాను చూశాక ఏమీ అనలేకపోయాను. సున్నాను దాచుకునేవాడు వేరు, దానిని కాగితం మీద పెట్టుకునేవాడు వేరు.

*

ఇంతకూ ఈ పనితో మనిషి బతకగలడా? బావగారి ప్రశ్న న్యాయమైనదే. ఇంటికి వచ్చాక ఈ విద్యలో నిలదొక్కుకున్నవారి చరిత్రలు తిరగవేశాను.

అమెరికాలో స్టీవ్ మార్టిన్ అనే నటుడు ఉన్నాడు. 1955లో, పదేళ్ల వయస్సులో, డిస్నీలాండ్‌లో మార్గదర్శక పుస్తకాలు అమ్మాడు. తరువాత అక్కడి ఇంద్రజాల సామగ్రి దుకాణంలో పనిచేస్తూ కొనేవారికి గారడీలు చూపించాడు. గారడీ తప్పినప్పుడే జనం ఎక్కువ నవ్వుతున్నారని అక్కడ కనిపెట్టాడు. విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివాడు. టెలివిజనుకు హాస్యం రాసి 1969లో ఎమ్మీ బహుమతి పంచుకున్నాడు. అయినా వేదిక మీద మాత్రం ఏళ్ల తరబడి చిన్నచిన్న గదులలో కొద్దిమంది ముందు చెప్పుకుంటూ తిరిగాడు. డెబ్బయ్యవ దశకం చివరకు ఆయన ప్రదర్శనలకు జనం వేలల్లో వచ్చేవారు. 1981లో మానేశాడు. 2007లో ప్రచురించిన ఆత్మకథలో ఆయన వేసిన లెక్క ప్రకారం ఆ వృత్తిలో గడిపినది పద్దెనిమిదేళ్లు. అందులో పదేళ్లు నేర్చుకోవడానికీ, నాలుగేళ్లు మెరుగు పెట్టుకోవడానికీ పోగా, ఘనవిజయం అనుభవించినది మిగిలిన నాలుగేళ్లే.

ఫిలిస్ డిల్లర్ కథ మరొక విధమైనది. ఐదుగురు పిల్లల తల్లి. 1955లో, ముప్పయ్యేడేళ్ల వయస్సులో, సాన్‌ఫ్రాన్సిస్కోలోని పర్పుల్ ఆనియన్ అనే చిన్న క్లబ్బులో మొదటిసారి వృత్తిగా మైకు పట్టుకున్నది. కొద్ది వారాలకని పిలిస్తే ఎనభై తొమ్మిది వారాలు ఆడింది. ఆమె వేదిక మీద చింపిరి జుట్టుతో, తోచినది మాట్లాడుతున్నట్టు కనిపించేది. అసలు సంగతి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉన్నది. ఆమె వారికి ఇచ్చిన ఉక్కు బీరువాలో సొరుగుల నిండా చిన్న అట్టముక్కలు, ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క హాస్యోక్తి, విషయాల వారీగా, అక్షరక్రమంలో! యాభై వేలకు పైగా ఉన్నాయి. మన బ్యాంకు లెడ్జర్లు రాసేవారు కూడా అంత శ్రద్ధగా రాసి ఉండరు.

ఈ సంగతి బావగారికి చెప్పినప్పుడు ఆయన మొదటిసారి, "అలాగా!" అన్నారు.

మూడవ మనిషి మనవాడే. కనిగిరి ప్రాంతపు తెలుగు కుటుంబంలో 1957లో పుట్టి, బొంబాయి పేటలలో పెరిగిన జానుమాల జాన్ ప్రకాశరావు. ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. తండ్రి హిందుస్తాన్ లీవర్ కర్మాగారంలో పనివాడు. కుటుంబానికి జరుగుబాటు కష్టమై ఈయన చదువు ఏడవ తరగతితో ఆగిపోయింది. వీధులలో పెన్నులు అమ్మాడు. ఊరికే అమ్మితే ఎవరూ కొనరని, సినిమా నటుల గొంతులతో, నడకలతో అమ్మాడు. తరువాత తండ్రి పనిచేసే కర్మాగారంలోనే కూలిపనికి చేరాడు. అక్కడి ఒక ఉత్సవంలో పై అధికారుల మాటతీరును అనుకరించి చూపితే కార్మికులందరూ పడిపడి నవ్వారట. ఇక నీ పేరు జానీ లీవర్ అన్నారు వారు. అదే పేరుతో దేశమంతా ఎరిగింది.

గమనించవలసిన సంగతి ఏమంటే, ఆ నవ్వు వినగానే ఆయన ఉద్యోగం వదిలేయలేదు. పగలు కర్మాగారం, రాత్రి ప్రదర్శనలు. 1981లో రాజీనామా ఇచ్చే నాటికి వేదికల మీద సంపాదన మొదలై ఉన్నది. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల బృందంతో తిరిగాడు. క్యాసెట్టు వచ్చింది. 1982లో సినిమా వచ్చింది. ఆ తరువాత వందల చిత్రాలు. మన దేశంలో ఒంటరిగా మైకు ముందు నిలిచి నవ్వించడం వృత్తి కాగలదని చూపిన మొదటి తరంలో ఒక తెలుగు కూలీ బిడ్డ ఉన్నాడని ఈనాటి కుర్రవాళ్లలో ఎందరికి తెలుసునో!

2005లో టెలివిజనులో గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ చాలెంజ్ అనే పోటీ వచ్చి, దేశంలో ఇంటింటికీ ఈ విద్యను చేర్చింది. అందులో మూడవ స్థానం పొంది మొదటివాని కన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్న కాన్పూర్ రాజు శ్రీవాస్తవ రాత్రికి రాత్రి పుట్టుకు వచ్చినట్టే జనానికి కనిపించాడు. కాని అతడు 1988లో వచ్చిన "తేజాబ్", 1989లో వచ్చిన "మైనే ప్యార్ కియా" వంటి చిత్రాలలో కంటికి ఆనని పాత్రలు వేస్తూ, వేదికలెక్కుతూ గడిపిన ఏళ్లు ఆ రాత్రి వెనుక ఉన్నాయి. 2022లో మరణించేవరకూ ఆయనను బతికించినది తన ఊరి మనుషుల నుంచి అల్లుకున్న గజోధర్ అనే పాత్ర.

ఇప్పుడు మార్గం కొంత మారింది. పైకం లేని ఓపెన్ మైకులు, ఆపైన పది పదిహేను నిమిషాల చిన్న అవకాశాలు, కంపెనీల వార్షికోత్సవాలు, ఆ తరువాత సొంతంగా గంటసేపటి ప్రదర్శన, దాని వీడియో, ఊరూరా టిక్కెట్లు. ఒక్కొక్క మెట్టుకూ ఏళ్లు పడతాయి. ఐదు నిమిషాలు గట్టిపడాలంటే యాభై నిమిషాలు రాసి పారేయాలి. ఇంటర్నెట్టు వలన మెట్లు తగ్గలేదు. కిందినుంచి పైమెట్టు కనబడుతున్నది, అంతే.

కష్టాలలో మరొకటి ఉన్నది. మాట ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో తెలియదు. అమెరికాలో లెనీ బ్రూస్‌కు 1964లో న్యూయార్కు న్యాయస్థానం అసభ్యపదాల నేరం మీద శిక్ష వేసింది. అతడు 1966లో చనిపోయాడు. ఆ రాష్ట్ర గవర్నరు క్షమాభిక్ష ప్రకటించినది 2003లో! మన దేశంలో 2021 జనవరి ఒకటవ తేదీన ఇందౌర్‌లో ప్రదర్శన దగ్గర అరెస్టయిన మునావర్ ఫారూఖీ, సుప్రీంకోర్టు తాత్కాలిక బెయిలు ఇచ్చేవరకు నెలకు పైగా జైలులో ఉన్నాడు. హాస్యం చెప్పేవాడికి ముళ్లకిరీటం ఎవరూ పెట్టనక్కరలేదు గాని, ఈ వృత్తిలోకి పిల్లవాడిని పంపే తల్లిదండ్రులకు ఈ భయం కూడా ఉంటుందని మరువరాదు.

*

మావాడి పెన్ను సంగతికి వస్తాను.

ఒక రాత్రి వాడు మా ఇంటికి వచ్చి, నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. "మామయ్యా, నువ్వు రోజంతా వాక్యాలతోనే కదా ఉంటావు. ఇది ఎక్కడ చచ్చిందో చూడు" అన్నాడు.

చదవగానే జబ్బు తెలిసింది. ఎందుకంటే అది నా జబ్బే. ఇరవయ్యేళ్లుగా దానితోనే వేగుతున్నాను. వాడు ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో చెబుతున్నాడు.

ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది. వస్తువు చివర నిలుస్తుంది. కాబట్టి ఆశ్చర్యం కలిగించే మాటను చివరిదాకా దాచి, ఒక్కసారి విప్పడం ఆ భాషలో సులభం. తెలుగులో క్రియ చివరిది. దారం అన్న మాట మధ్యలో వినపడిపోతుంది. నవ్వబోయిన మనిషి "బల్లకు కట్టి ఉంచేవాడు" అన్న క్రియ పూర్తయ్యేవరకూ మర్యాదగా ఆగుతాడు. ఆగిన నవ్వు మళ్లీ రాదు. పైగా "ఎందుకంటే" అని మావాడు భాష్యం మొదలుపెట్టాడు. భాష్యం విని నవ్వినవాడు లోకంలో లేడు.

అయితే తెలుగుకు తనదైన ఉపాయం ఉన్నది. మన భాషలో క్రియ లేకుండానే వాక్యం నిలుస్తుంది. "ఆయన మా తాత." "ఇది నా ఊరు." మన అమ్మమ్మలు వాడినది ఈ వాక్యమే. పక్కింటి కోడలిని గురించి, "పిల్లకు అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, పని" అంటే వాకిట్లో ఉన్నవారందరూ నవ్వేవారు. ఆఖరి మాట దగ్గర ఆవిడ ఆగిపోయేది. క్రియతో దానిని తుడిచేది కాదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆ ముక్కను తిప్పాము. కారణం ముందుకు తెచ్చాము. ఆశ్చర్యాన్ని చివర పెట్టాము. అది ఇలా తేలింది: "బ్యాంకువాళ్లు మనిషిని నమ్మి లక్షలు అప్పిస్తారు గాని, పెన్ను మాత్రం నమ్మి ఇవ్వరు. మా నాన్న ముప్పయ్యేళ్లు బ్యాంకులో పనిచేశాడు. మా ఇంట్లో ఫోను పక్కన ఒక పెన్ను ఉండేది. దానికి, దారం!"

మరుసటి వారం ఆ మేడమీద ఇరవై అయిదు మంది నవ్వారు. మావాడు దిగివచ్చి నోటుపుస్తకంలో ఎంత వేశాడో నేను చూడలేదు. చూడనక్కరలేకపోయింది.

ఆ రోజు నాకు ఒక సంగతి స్పష్టపడింది. నా అనువాదం బాగున్నదో లేదో నాకు తెలియడానికి ఏడాది పడుతుంది. ఒక్కొక్కప్పుడు ఎన్నడూ తెలియదు. మావాడికి అర నిమిషంలో తెలుస్తుంది. అంత కఠినమైన సంపాదకుడు ఏ పత్రికలోనూ లేడు. మొగమాటానికి మెచ్చుకోవచ్చు గాని, మొగమాటానికి కడుపుబ్బ నవ్వడం ఎవరి తరమూ కాదు. ఈ వృత్తిలో పైకి వచ్చినవారందరూ ఆ సంపాదకుని మౌనాన్ని అవమానంగా కాక దిద్దుబాటుగా తీసుకోగలిగినవారే. 2012లో ఒక టెలివిజన్ పోటీ గెలిచిన ఇందౌర్ యువకుడు జాకిర్ ఖాన్, 2025 ఆగస్టులో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తన ప్రదర్శనను హిందీలోనే నడిపాడు. ఇంట్లో మాట్లాడే భాషలోనే అంత దూరం పోవచ్చునని అతడు చూపాడు. తెలుగులో మాట్లాడే కుర్రవాళ్లకూ అది ధైర్యమిచ్చే సంగతి.

*

చివరకు మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. ఉద్యోగం రెండేళ్లపాటు మానరాదు. సాయంత్రాలు వాడివి. సంపాదన ఎంత, ఖర్చు ఎంత అన్నది నెలనెలా లెక్క రాయాలి. ఆ లెక్క బావగారు చూస్తారు. జానీ లీవర్ చరిత్రలో ఆయనకు అన్నిటికన్నా నచ్చినది రాజీనామా తేదీ.

ఒప్పందంలో చేరని షరతు ఒకటి మా అక్కయ్య పెట్టింది. నాన్నను గురించి ఊరందరికీ చెబుతున్నవాడు నాన్నకు కూడా చెప్పాలన్నది. మావాడు ముఖం పాలిపోయాడు. ముప్పయిమంది అపరిచితుల ముందు వెనుదీయనివాడు ఒక్క పరిచితుని తలచుకుని వణికాడు.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక శనివారం బావగారిని నేనే తీసుకువెళ్లాను. వెనుక వరుసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాంకు తనిఖీకి వచ్చిన అధికారిలా కూర్చున్నారు. మావాడు మిగిలినవన్నీ చెప్పి చివరకు పెన్ను దగ్గరకు వచ్చాడు. ఒక క్షణం తటపటాయించడం నేను చూశాను. తరువాత చెప్పేశాడు. గది అంతా నవ్వింది. నేను బావగారి వైపు చూశాను. ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

ఇంటికి వచ్చే దారి అంతా కారులో మాట లేదు. మావాడికి ఆ మౌనం ఏ మేడమీదా తగలని మౌనం. ఇల్లు చేరి, చెప్పులు విప్పుతూ బావగారు అన్నారు:

"దారం కాదురా అది. గొలుసు."

మావాడు అర్థంకాక చూశాడు.

"మొదట దారమే కట్టాను. నువ్వు రెండుసార్లు తెంపుకుపోయావు. అప్పుడు గొలుసు వేయించాను. చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

మా అక్కయ్య ముందు నవ్వింది. తరువాత మావాడు. ఆ తరువాత, చాలా ఆలస్యంగా, ఆయన.

ఇప్పుడు ఆ ముక్క ఇలా ముగుస్తుంది: "దానికి మొదట దారం. నేను రెండుసార్లు తెంపాక, గొలుసు!" నవ్వు ఇదివరకటికన్నా రెట్టింపు వస్తున్నదని మావాడు చెబుతున్నాడు. బావగారు మాత్రం నెలనెలా లెక్క చూసేటప్పుడు ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నారు:

"ఈ నెల గొలుసుకు ఎలా నవ్వారు?"